పరిహారం: ఒక మాట వెనుక ముప్పయ్యేళ్లు

వాతావరణ విపత్తులతో దెబ్బతిన్న పేద దేశాల కోసం ఇప్పుడు ప్రపంచంలో ఒక నిధి ఉంది. దాని పుట్టుక వెతుక్కుంటూ వెళితే పసిఫిక్ సముద్రంలోని వనువాటు దగ్గర తేలతాం. ఎనభైకి పైగా దీవులున్నా, జనాభా నాలుగు లక్షలకు లోపే.

1990లో చిన్న దీవుల దేశాలు కూటమి కట్టాయి. ఐక్యరాజ్యసమితిలో వనువాటు రాయబారి రాబర్ట్ వాన్ లీరాప్ దానికి తొలి అధ్యక్షుడు. 1991లో, వాతావరణ ఒప్పందం ఇంకా చిత్తుప్రతిగా ఉండగానే, కూటమి తరఫున వనువాటు ఒక ప్రతిపాదన పెట్టింది. సముద్రం పొంగి మింగేసే నేలకు బీమా ఉండాలి. ఆ సొమ్ము పారిశ్రామిక దేశాలు కట్టాలి. ఎవరి వాటా ఎంతో సగం వాళ్ల ఆదాయాన్ని బట్టి, సగం వాళ్లు వదిలిన కార్బన్‌ను బట్టి తేల్చాలి. 1992 రియో ఒప్పందంలో బీమా అన్న మాటైతే మిగిలింది, డబ్బు కట్టే బాధ్యత ఎగిరిపోయింది.

2013లో హైయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌ను ఊడ్చేసిన కొద్దిరోజులకే వార్సాలో వాతావరణ సదస్సు జరిగింది. ఆ దేశ ప్రతినిధి యెబ్ సాన్యో కన్నీళ్లతో మాట్లాడి నిరాహారదీక్షకు దిగాడు. ఇలాంటి నష్టాలను పట్టించుకునే యంత్రాంగం ఒకటి ఏర్పడింది, నిధి మాత్రం రాలేదు. 2015 పారిస్ ఒప్పందం ఎనిమిదో అధికరణంలో నష్టాన్ని గుర్తించింది. దాన్ని చూపించి పరిహారం అడగడానికి వీల్లేదని పక్కనే ఉన్న తీర్మానంలో రాసుకున్నారు.

2022లో పాకిస్తాన్ వరదలు 3.3 కోట్ల మందిని దెబ్బతీశాయి. ఆ ఏడాది వర్ధమాన దేశాల జి-77 కూటమికి నాయకత్వం పాకిస్తాన్‌దే. షర్మ్ ఎల్-షేక్ సదస్సులో ధనిక దేశాలు చివరికి నిధికి తలూపాయి. 2023లో దుబాయ్‌లో దక్కిన హామీలు సుమారు 70 కోట్ల డాలర్లు. ఆ ఒక్క వరదలోనే పాకిస్తాన్ నష్టపోయింది దాదాపు 3,000 కోట్ల డాలర్లు.

వనువాటు అక్కడితో ఆగలేదు. పసిఫిక్ దీవుల న్యాయ విద్యార్థులు 2019లో మొదలుపెట్టిన ఉద్యమాన్ని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా నడిపించింది. 2025 జూలై 23న న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది: వాతావరణాన్ని కాపాడే బాధ్యతను ఒక దేశం మీరితే, దానివల్లే నష్టం జరిగిందని తేలితే, పరిహారం చెల్లించాల్సి రావచ్చు.

పారిస్‌లో గడప బయట నిలబెట్టిన మాట అది. దీవుల దేశాలు మొదటి నుంచీ అడుగుతున్నది తమకు రావలసిన బాకీ. దాన్ని సాయం అని పిలవడం ఇకనైనా మానుకోవాలి.