మట్టిపెట్టె, మలబద్ధకం: పెంపుడు పిల్లి ఆరోగ్య చరిత్ర - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

పశువైద్య చరిత్రలో గుర్రానికీ, ఆవుకూ దక్కిన స్థానం పిల్లికి చాలాకాలం దక్కలేదు. 1761లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఏర్పడిన తొలి పశువైద్య పాఠశాల ప్రధానంగా గుర్రాల మీద, పశువుల మీద దృష్టి పెట్టింది. సేద్యానికీ సైన్యానికీ అక్కరకు వచ్చే జంతువుల రోగాలను ప్రభుత్వాలు నమోదు చేశాయి. ఎలుకలు పట్టే పిల్లి బాధ ఇంటి గడప దాటలేదు. ఆ బాధల్లో ఒకటైన మలబద్ధకం మనిషి కంటపడడంలో లిట్టర్ బాక్స్ అనే మట్టిపెట్టె వహించిన పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పొడినేలల వారసత్వం

పెంపుడు పిల్లికి పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లి మూలమని 2007లో వెలువడిన జన్యు అధ్యయనం తేల్చింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి చెంతనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం బయటపడింది. పొడినేలల్లో బతికిన పూర్వీకుల నుంచి పిల్లికి రెండు లక్షణాలు సంక్రమించాయి. ఒకటి, దాహం తక్కువగా ఉండి, కావలసిన నీటిలో అధికభాగాన్ని వేటాడిన మాంసం నుంచే పొందడం. రెండు, మెత్తని మట్టిని గోకి, విసర్జించి, కప్పిపెట్టడం. ఇరవయ్యో శతాబ్దపు నగర జీవనం ఈ రెండింటినీ తాకింది. మాంసానికి బదులు పొడి ఆహారం వచ్చింది. ఆరుబయటి నేలకు బదులు పెట్టె వచ్చింది.

పెట్టెలోకి వచ్చిన మట్టి

పూర్వం ఇంట్లో ఉండే పిల్లి కోసం ఇసుకో, బూడిదో పళ్లెంలో పోసేవారు. 1947 శీతకాలంలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కాసోపొలిస్ పట్టణంలో ఒక పొరుగింటి మహిళ తన ఇసుక గడ్డకట్టిందని ఎడ్వర్డ్ లో అనే యువ వ్యాపారిని సాయమడిగారు. నేలమీద ఒలికిన నూనెను పీల్చడానికి కర్మాగారాలు వాడే బంకమట్టిని ఆయన ఇచ్చారు. మనం ముల్తానీ మట్టి అనే రకానికి చెందినదే అది. దాన్ని ఆయన ‘కిట్టీ లిట్టర్’ పేరుతో సంచుల్లో నింపి అమ్మారు. 1980వ దశకంలో తడి తగలగానే ముద్దకట్టే బెంటొనైట్ మట్టి వాడుకలోకి వచ్చింది. పిల్లి ఏడాది పొడవునా ఇంట్లోనే ఉండడం దీనితో సులభమైంది.

పెట్టె ఇచ్చే సాక్ష్యం

ఆరుబయట మట్టిలో కప్పిన మలాన్ని ఎవరూ గమనించరు. పెట్టెను శుభ్రంచేసే యజమానికి మాత్రం పిల్లి ఎన్నాళ్లకొకసారి విసర్జిస్తున్నదీ, మలం ఎంత గట్టిగా ఉన్నదీ తెలుస్తుంది. మలం పెద్దపేగులో నిలిచేకొద్దీ నీరు ఇంకిపోయి మరింత గట్టిపడుతుంది. దీర్ఘకాలం ఇలా జరిగితే పేగు సాగి, ముడుచుకునే శక్తిని కోల్పోతుంది. విసర్జన వేళ నొప్పి కలిగితే పిల్లి ఆ నొప్పిని పెట్టెతోనే ముడిపెట్టుకుని, మరోచోట విసర్జిస్తుంది. యజమాని దీన్ని దురలవాటుగా భావించి దండించే ప్రమాదం ఉంది. ఇంతకంటే తీవ్రమైన పొరపాటు మరొకటి. మగపిల్లి పెట్టెలో పదేపదే ముక్కుతుంటే అది మలబద్ధకమేనని అనుకోవడం పరిపాటి. మూత్రమార్గం మూసుకుపోయినా అదే భంగిమ కనిపిస్తుంది. తక్షణ చికిత్స అందకపోతే ఆ స్థితి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలదు. పెట్టె సాక్ష్యం ఇస్తుంది. దాన్ని సరిగా చదవవలసింది మనిషే.

మనుషుల మందు, పిల్లి పేగు

పేగు కదలికను పెంచే సిసాప్రైడ్ అనే మందు 1993లో అమెరికాలో మనుషుల వాడకానికి అనుమతి పొందింది. గుండె లయ తప్పుతున్న ఘటనల కారణంగా 2000లో సాధారణ విక్రయం నుంచి తొలగింది. పిల్లుల మలబద్ధకానికి ఉపకరించే ఆ మందును అప్పటి నుంచి అక్కడి పశువైద్యులు ప్రత్యేకంగా తయారుచేయించి వాడుతున్నారు. మనుషుల మందుల విపణిలో తీసుకున్న నిర్ణయం పిల్లి చికిత్సపై పడిన తీరుకు ఇది నిదర్శనం.

ఉపసంహారం

తన బాధను చెప్పుకోలేని జీవి చరిత్రకు లిఖిత పత్రాలు మాత్రమే చాలవు. మట్టిసంచి, పెట్టె, మందుసీసా కూడా ఆధారాలే. మట్టిపెట్టె పిల్లిని ఇంటికి పరిమితం చేసింది. దాని రోగాన్ని కనిపించేలా చేసింది. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే ఆ చరిత్ర పూర్ణమవుతుంది. పెరటి నుంచి అపార్ట్‌మెంటులోకి మారిన పిల్లుల గురించి తెలుగు నగరాల్లో మౌఖిక చరిత్రను సేకరించడం ఈ దిశలో పరిశోధకులు చేపట్టదగిన పని.