తాళమున నిరికిన మారుచెవి

మన హిందూపురపు సంతలో కొన్న మారుచెవి తాళమున నిరుకుకొన్నచో అసలుచెవికి చోటుండదు గదా! రక్తక్యాన్సరు చికిత్సకు నిదియే మర్మమని నేను మనవి చేయుచున్నాను.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, గ్రహణివ్యాధిచే సోదరుల నిరువురను గోల్పోయి, అమెరికా చేరిరి. లెడర్లీ పరిశోధనశాలలో వారి బృందము ఆ వ్యాధికి మందగు ఫోలిక్ ఆమ్లమును నిర్మించెను. బోస్టనున ఫార్బరు వైద్యుడు ఆ జాతి పదార్థములను రోగులైన పిల్లల కీయగా రక్తక్యాన్సరు హెచ్చినట్లు తోచెను. అంతట సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమును పోలిన అమినోప్టెరిన్‌ను సమకూర్చెను. ఈ చిన్న అణువు, ఫోలిక్ ఆమ్లమును పనికి దెచ్చు ప్రోటీను గుంటలో దూరి వదలదు, కణములు వృద్ధిపొందజాలవు.

1948లో 16 మంది పిల్లలలో 10 మందికి మేలు కనబడెనని ఫార్బరు ప్రకటించెను. ఆ మేలు తాత్కాలికమే. ఆ ఆగస్టుననే సుబ్బారావుగారు గతించిరి. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. మనలను బోషించు వస్తువే రోగమును బోషించునని గ్రహించుటయే ఈ విద్యకు మూలము.