వెర్రిబీలో ఒక వత్సరము

వెర్రిబీ యను పేరు వినగానే తెలుగువాని చెవికి 'వెర్రి' యే ముందు వినబడును. వెర్రి వేయి విధములని సామెత యుండనే యున్నది గనుక, అప్పుచేసి సముద్రములు దాటి అక్కడికి చదువునకు పోవు కుఱ్ఱవానిని బంధువులు ఆ పేరు పట్టుకొని ఆటపట్టించుటయు కద్దు. కాని ఆ మాట ఆ గడ్డపై అనాదిగా నున్న ఆదివాసులది; ఊరి ప్రక్కన వంకరలు తిరుగుచు పారు నదికి వారు పెట్టుకొన్న పేరు; దాని యర్థము వెన్నెముక. తెల్లవారు వచ్చి ఊరికి విండమ్ అని ఒక సేనాని పేరు తగిలించి, కొన్ని దశాబ్దములు అట్లే పిలిచి, తుదకు 1904లో నది పేరునే ఊరికిని స్థిరపరచిరి. సేనాని పేరు ఇప్పుడు అక్కడి పురపాలక సంఘమునకు మిగిలినది.

మెల్‌బోర్న్‌కు నైరృతి దిక్కున ముప్పది కిలోమీటర్ల పైచిలుకు దూరముననున్న ఈ యూరు మొదటినుండియు నగరమునకు ఊడిగము చేయుచునే యున్నది. 1857లో జీలాంగ్‌కు రైలుదారి పడినపుడు నడుమ స్టేషనై నిలిచెను. 1897నుండి నగరపు మురుగు ఇక్కడి పొలములమీదికి పారగా, ఆ తడికి మొలచిన గడ్డిని మేసి గొఱ్ఱెలును పశువులును బలిసెను. నది సముద్రమున కలియుచోట ఇటలీనుండి వచ్చిన రైతుకుటుంబములు ఊరికి పేరు తెచ్చిన కాలీఫ్లవరును క్యాబేజీని పండించిరి.

చదువునకును ఈ ప్రాంతము క్రొత్త కాదు. పొరుగుననున్న పాయింట్ కుక్‌లో 1914లో సైనిక విమానచోదకులకు తరగతులు మొదలైనపుడు చేరినవారు నలుగురే; కొలది నెలలలో వారి చదువు ముగిసినది. దీనికి పూర్తిగా విరుద్ధమైన విద్య వెర్రిబీ పార్కు భవనములో జరిగినది. స్కాట్లండునుండి వచ్చి గొఱ్ఱెల మందలతో కోట్లకు పడగెత్తిన ఛర్న్‌సైడ్ సోదరులు 1874–77 నడుమ అరువది గదులతో కట్టించిన ఆ సౌధములో వారి వంశము అర్ధశతాబ్దమైనను నిలువలేదు. 1923లో అది కాథలిక్ గురువులను తయారుచేయు విద్యాలయమై, 1973వఱకు ఏబది యేండ్లు నడచినది. అందు ప్రవేశించిన యువకుడు తత్త్వశాస్త్రము, వేదాంతము అనుచు సంవత్సరములతరబడి చదువుచుండవలసినదే. త్వరగా ముగించి పోవలెనను కోరికయే అక్కడ అనర్హతగా తోచియుండును. ఇప్పుడా విద్యాలయపు గదులు హోటలు అతిథులకు అద్దెకు దొరకును.

నగరములో ఎం.బి.ఏ. చదువుచు వెర్రిబీలో అద్దెకుండు తెలుగు విద్యార్థిది ఈ రెండింటికి నడిమి కాలము. ఎం.బి.ఏ. పట్టమిచ్చు ఆచారమును అమెరికాలో హార్వర్డు 1908లో ఆరంభించినపుడు దానికి రెండేండ్ల గడువు విధించెను. అదే హార్వర్డులో ఆచార్యుడుగానుండిన జార్జి డోరియో ప్రేరణతో ఫ్రాన్సులో 1957లో వెలసిన ఇన్సియాడ్, ఫాంటేన్‌బ్లో రాజప్రాసాదములో 1959లో మొదటి తరగతి పెట్టి, ఒక్క యేడు చాలునని నిశ్చయించెను. మన హైదరాబాదులో 2001లో గచ్చిబౌలియందు తెరచిన ఐ.ఎస్.బి. కూడ, పట్టమునకు ఎం.బి.ఏ. అని పేరు లేకపోయినను, ఆ యేడాది పద్ధతినే చేపట్టినది. 1963లో ఎం.బి.ఏ. తరగతులు ఆరంభించిన మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపు బిజినెస్ స్కూలు సయితము పూర్తికాలపు చదువును పండ్రెండు నెలలకు కుదించుకొన్నది. కొలువులో కొన్నేండ్లు గడిపి అనుభవము గడించినవాడు జీతము మాని రెండేండ్లు కూర్చుండలేడు గదా యనునది దీనికి యుక్తి; యుక్తి బాగుగనే యున్నది, కాని అది జీతమును చూచి చెప్పినదే గాని వీసాను చూచి చెప్పినది కాదు.

వీసా కథకు వేరొక చరిత్ర కలదు. 1951లో అమలునకు వచ్చిన కొలంబో ప్రణాళిక క్రింద ఆసియా విద్యార్థులు ఆస్ట్రేలియా ప్రభుత్వపు ఖర్చుతో చదివి స్వదేశమునకు మరలిపోయెడివారు. 1985లో పూర్తి రుసుము తీసికొని విదేశీయులను చేర్చుకొనుటకు విద్యాలయములకు అనుమతి దొరకెను. 1990నుండి క్రొత్తగా వచ్చు విదేశీ విద్యార్థులకందఱకు అదియే నియమమైనది. అంతటితో విద్య ఎగుమతి సరకైనది. కొనువాడు తన అప్పు ఎట్లు తీరునని అడుగుట న్యాయమే. చదువు ముగిసిన పిమ్మట కొంతకాలముండి పని చేసికొను అనుమతిని, మన పిల్లలు 'స్టేబ్యాక్' అను దానిని, పొందవలెనన్న రెండు విద్యాసంవత్సరముల చదువు ఉండవలెను: లెక్కకు 92 వారములు, అదియు 16 నెలలకు తగ్గని కాలములో. ఒక్క యేటి ఎం.బి.ఏ. ఈ కొలతకు పొట్టి. కనుకనే తెలుగునాట కన్సల్టెన్సీల బల్లలమీద రెండేండ్ల మాస్టర్సు కరపత్రములు గుట్టలుగానుండును. ఏడాది చదువు నెవ్వరును పొగడరు. ఇక విద్యార్థుల బస సంగతి: ఆస్ట్రేలియా జనాభా లెక్కలలో ఇంట తెలుగు మాటలాడువారు 2016నాటికి 34 వేలు దాటిరి. వారిలో పలువురు ఇంటి ధర అందుబాటులోనుండెనని వెర్రిబీ, టార్నీట్ వైపులకు వచ్చి స్థిరపడిరి. ఆ యిండ్లలోని మిగులు గదులే విద్యార్థులకు నివాసములైనవి.

అట్టి యింట నేను అతిథిగానుండగా అన్నదమ్ముల బిడ్డలిద్దఱు ఒక్క గదిలోనుండిరి. పెద్దవాడు హైదరాబాదులో ఆరేండ్లు కొలువు చేసి, కూడబెట్టినది తెచ్చి ఏడాది ఎం.బి.ఏ.లో చేరినవాడు, చిన్నవాడు ఖమ్మమునుండి నేరుగా రెండేండ్ల చదువునకు వచ్చినవాడు. 1983నుండి విద్యుత్తుతో నడచు వెర్రిబీ లైనులో తెల్లవారుజాముననే రైలెక్కి, పెద్దవాడు ఒడిలో కేసు కాగితములు పఱచుకొని, ఎవరో పాల కంపెనీవారు ధర పెంచవలెనా వలదా యని పచ్చ సిరాతో గీతలు గీచుకొనుచు పోవును. రాత్రి కుక్కరు మూడవ కూత వేయునప్పటికి ఇల్లు చేరును. చిన్నవాని కొక గోదాములో పనియు దొరకినది. పెద్దవానికి పనికి తీరిక యెక్కడిది?

"అన్నా, నీది ఏడాదేగా, మరి స్టేబ్యాక్ ఎట్లా?" అని చిన్నవాడొకనాడు పప్పు తాళింపు వేయుచు నడిగెను.

"రాదురా. ఎవడన్నా కంపెనీవాడు స్పాన్సర్ చేస్తే ఉంటా. లేకపోతే వచ్చిన దారినే పోతా."

వంటింటి గోడకు ఇంటినుండి తెచ్చుకొన్న తిథుల క్యాలెండరు వ్రేలాడుచుండెను. అందలి సూర్యోదయములు ఇక్కడికి సరిపోవు. ఏకాదశి ఏనాడో తేల్చుకొనుటకు ఇంటి యజమానురాలు ఫోనులో వేరుగా చూచుకొనును. ఆ క్యాలెండరుపై పెద్దవాడు పరీక్షలను ఎఱ్ఱగా, చిన్నవాడు పని వంతులను నీలముగా గుర్తుపెట్టుకొనిరి. ఎఱ్ఱ గుర్తులు డిసెంబరు రెండవ వారముతో ఆగిపోయినవి. పెద్దవాడు పెట్టె సర్దుకొనుచుండగా చిన్నవాడు ఖమ్మమునకు ఫోను చేసి, వచ్చే యేటి క్యాలెండరు ఎవరైన వచ్చువారి చేతికిచ్చి పంపుమని తల్లితో చెప్పుచుండెను.