గాలి అందరిదీ, మర ఎవరిది?

శ్రీరాంపూర్‌లో గాలిమర లేదు. మంచిర్యాల నుంచి నస్పూర్ మీదుగా వెళ్తే కనబడేవి బొగ్గు లారీలు, సింగరేణి క్వార్టర్లు, ఓపెన్‌కాస్ట్ తవ్విపోసిన మట్టిగుట్టలు, కాస్త అవతల జైపూర్ థర్మల్ స్టేషన్ చిమ్నీలు. తెలంగాణ మొత్తమ్మీద గాలి కరెంటు సామర్థ్యం 128 మెగావాట్లే. ఆంధ్రప్రదేశ్‌లో అది సుమారు 4,000. అక్కడ 1990ల్లోనే అప్పటి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద గాలిమరలు లేచాయి (మన పెద్దపల్లి రామగిరి ఖిల్లా కాదు లెండి, ఆ రామగిరి వేరు).

మరి సాహిత్యంలో గాలిమరల గురించి మాట్లాడుతూ శ్రీరాంపూర్ ఎందుకు అంటారా? కారణం ఉంది. పవర్ అనే మాటకి మన వాడుకలో రెండర్థాలు. "పవర్ పోయింది" అంటే కరెంటు పోయిందనీ కావచ్చు, పదవి ఊడిందనీ కావచ్చు. గాలిమర గురించి రాసిన మంచి రచనలన్నీ ఈ రెండో పవర్ గురించే. గాలి వాటిలో ఒక సాకు మాత్రమే. ఆ లెక్కన చూస్తే ఆ కథలు రామగిరి కంటే శ్రీరాంపూర్‌కే బాగా అతుకుతాయని నా అభిప్రాయం.

ముందు చాలా పాత సంగతి ఒకటి. 1191, ఇంగ్లండ్‌లో బెరీ సెయింట్ ఎడ్మండ్స్ అనే ఊరు. హెర్బర్ట్ అనే మతాధికారి తన పొలంలో గాలిమర కట్టుకున్నాడు. ఊరి మీద పెత్తనమంతా అక్కడి మఠానిది. మఠాధిపతి శాంసన్‌కి ఒళ్ళు మండిపోయింది. వెంటనే కూల్చెయ్యమన్నాడు. గాలి అందరిదీ కదా, నా గింజలు నేను విసురుకుంటానంతే అని హెర్బర్ట్ వాదన. నీ మర ఉంటే జనం నీ దగ్గరికే వస్తారు, మా మరకి రాబడి పోతుంది అని శాంసన్ వాదన. చివరికి మఠం మనుషులు వచ్చేలోపే హెర్బర్ట్ తన మరని తానే విప్పేసుకున్నాడు. ఆ మఠంలోనే ఉన్న జోసెలిన్ అనే సన్యాసి ఇదంతా రాసిపెట్టాడు కాబట్టి మనకి తెలిసింది.

చూశారా, గాలిమర యూరప్‌లో కొత్తగా వచ్చిన రోజుల్లోనే అసలు ప్రశ్న పుట్టేసింది. గాలికి ధర లేదు, గిర్నికి ఉంది. గిర్ని ఎవడి చేతిలో ఉంటే ఊరు వాడి చేతిలో.

ఇక అందరికీ తెలిసిన డాన్ కిహోటే. సెర్వాంటెస్ మొదటి భాగం అచ్చయింది 1605లో. ముప్ఫై నలభై గాలిమరల్ని చూసి రాక్షసులనుకుని ఈటె పట్టుకుని దూకుతాడు కిహోటే. మనం దీన్ని పిచ్చివాడి కథగానే చదువుతాం. కానీ లా మాంచా ప్రాంతంలో అవి వెలిసింది 16వ శతాబ్దంలోనే. అంటే అప్పటి పాఠకుడికి గాలిమర అంటే పోస్టుకార్డు మీద బొమ్మ కాదు, కళ్ళముందు దిగిన కొత్త యంత్రం. సాంచో పాంజాకి అది పిండి ఆడే సామాను, అంతే. కిహోటేకి రాక్షసుడు. నన్నడిగితే ఇద్దరూ సగం సగం కరెక్టే. యంత్రం యంత్రమే. కాకపోతే దాని వెనక ఎవరున్నారో చూడకపోతే సాంచో కూడా మోసపోతాడు.

ఇక 1945కి వద్దాం. ఆ ఏడాది ఆగస్టులో జార్జ్ ఆర్వెల్ యానిమల్ ఫామ్ వచ్చింది. అందులో గాలిమర పశువులకి ఒక ప్రాజెక్టు. అది పూర్తయితే కొట్టాల్లో కరెంటు లైట్లు, వేణ్ణీళ్ళు, వారానికి మూడు రోజులే పని అని స్నోబాల్ అనే పంది హామీ ఇస్తుంది. నెపోలియన్ అనే పంది ముందు వద్దంటాడు, స్నోబాల్‌ని తరిమేశాక అదే ప్లాను తనదంటాడు. (ఆఫీసుల్లో ఇలాంటివి చూడనివాళ్ళు అదృష్టవంతులు!) ఆ మర ఒకసారి తుఫానుకి కూలుతుంది, ఒకసారి శత్రువులు పేల్చేస్తారు. రాళ్ళు మోసీ మోసీ బాక్సర్ అనే గుర్రం కుప్పకూలితే దాన్ని కటికవాడికి అమ్మేస్తారు. చివరికి మర పూర్తవుతుంది. కానీ కరెంటు రాదు. గింజలు ఆడించి డబ్బు చేసుకుంటారు. లైట్ల సంగతేమిటంటే, ఇంకో మర కడుతున్నాం, దానికి డైనమో పెడతాం అంటారు.

సరిగ్గా అదే 1945లో నిజాం ప్రభుత్వం సింగరేణిలో మెజారిటీ వాటా కొన్నది. అంతకుముందు కథ కూడా చెప్పుకోవాలి. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించింది జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్. 1886లో లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పెట్టారు. ఆ షేర్ల గోల ఎంత పెద్దదయిందంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీయే విచారణ చేసింది. బొగ్గు ఇక్కడ, లాభం అక్కడ. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరొచ్చింది. ఇప్పుడు 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. మర ప్రజల చేతికే వచ్చిందన్నమాట. ఇది చిన్న విషయం కాదు. ఆ ఉద్యోగాల వల్లే ఎన్నో ఇళ్ళల్లో పిల్లలు ఇంజనీరింగ్ దాకా వచ్చారు.

కానీ బాక్సర్ సంగతి? 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మంది పైగా పనిచేసేవారు. ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. అదే సమయంలో ఉత్పత్తి పెరుగుతూ పోయి 2023-24లో 7 కోట్ల టన్నులకి చేరింది. మనుషుల చోట ఓపెన్‌కాస్ట్ యంత్రాలు వచ్చాయి. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తిన రోజులు పోవడం మంచిదే, బాయిలో ప్రాణాలు పోవడం ఎవరిక్కావాలి? కానీ యంత్రంతో మిగిలిన శ్రమ ఎవరి ఖాతాలో పడిందన్నది వేరే ప్రశ్న. ఊళ్ళు లేచిపోయాయి, గోతులు మిగిలాయి. జైపూర్‌లో 2016లో మొదలైన 1200 మెగావాట్ల కరెంటు లైన్ల మీద దూరాలకి పోతుంది. గచ్చిబౌలిలో మన ఏసీ చల్లదనంలో ఈ బొగ్గు ఎంతో కొంత ఉంటుంది. దీపం కింద చీకటి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అల్లం రాజయ్య, పి. చంద్ లాంటివాళ్ళు ఈ ప్రాంతం గురించి రాసినవి చదివితే, ఆర్వెల్ కోసం ఇంగ్లండ్ దాకా వెళ్ళక్కర్లేదనిపిస్తుంది.

మరి ఆశ సంగతి? అది మలావీలో ఉంది. 2001-02 కరువులో ఫీజు కట్టలేక బడి మానేసిన విలియం కంక్వాంబా అనే కుర్రాడు, లైబ్రరీ పుస్తకంలో బొమ్మలు చూసి, పాత సైకిల్ ఫ్రేము, ట్రాక్టర్ ఫ్యాను, ప్లాస్టిక్ పైపులు, సైకిల్ డైనమోతో గాలిమర కట్టాడు. ఇంట్లో బల్బులు వెలిగాయి. చుట్టుపక్కలవాళ్ళు ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నారు. అతని పుస్తకం 2009లో వచ్చింది, సినిమా 2019లో. చాలామంది దీన్ని "తెలివుంటే ఏదైనా సాధ్యం" అన్న స్ఫూర్తి కథగా చెప్తారు. నాకు కనబడేది వేరు. కట్టింది వాడే, వెలుగూ వాడింట్లోనే. ఆర్వెల్ మరకీ దీనికీ తేడా టెక్నాలజీలో లేదు, అక్కడుంది.

ఇప్పుడిది ఎందుకంటే, శ్రీరాంపూర్‌కి కొత్త గాలిమర రాబోతోంది. అది గాలిదే కానక్కర్లేదు. 2070 నాటికి నెట్ జీరో అని మన దేశం 2021లో ప్రకటించింది. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద తేలే 100 మెగావాట్ల సోలార్ 2022లో పూర్తయింది. సింగరేణి కూడా 200 మెగావాట్లకి పైగా సోలార్ పెట్టింది. రావాల్సిందే, రావాలి కూడా. కాకపోతే సోలార్ ప్యానెల్‌కి మూడు షిఫ్టుల మనుషులు అక్కర్లేదు. బొగ్గు మీద బతికే కిరాణా కొట్టు, ఆటో, అద్దె గది, టిఫిన్ సెంటర్ ఏమైపోతాయన్నది ఏ మెగావాట్ల లెక్కలోనూ ఉండదు.

మనం ప్రాజెక్టు మొదలెట్టేముందు అడుగుతాం కదా, యూజర్ ఎవరు, ఓనర్ ఎవరు, పాతది ఆపేస్తే ఎవరి పని ఆగుతుంది అని. అదే ప్రశ్న ఇక్కడ కూడా, బాయిలు మూతపడ్డాక కాదు, ఇప్పుడే అడగాలి. ఎనిమిది వందల ఏళ్ళ కింద హెర్బర్ట్ గాలి అందరిదీ అన్నాడు. అది నిజమే. ఎండా అందరిదే. అయినా మర విప్పుకోవాల్సి వచ్చింది అతనే.