నిఘంటువుకెక్కిన ‘ఎయింట్’

1961 సెప్టెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి వెబ్‌స్టర్ మూడో అంతర్జాతీయ నిఘంటువు వెలువడింది. నాలుగున్నర లక్షల పదాల పుస్తకం. పత్రికలు మాత్రం ఒక్క మాటను పట్టుకుని విరుచుకుపడ్డాయి. అది ‘ఎయింట్’. పిల్లల నోట వస్తే టీచర్లు మందలించే మాటకు నిఘంటువులో చోటా అన్నది వాటి కోపం.

ఆ మాట పుట్టుకలో తప్పేమీ లేదు. 17వ శతాబ్దం చివరినాటి ఇంగ్లిష్ నాటకాల్లో ‘యాన్ట్’ అనే రూపం కనిపిస్తుంది. ‘యామ్ నాట్’ నాలుక మీద కలిసిపోయి, మకారం జారిపోగా మిగిలింది అది. ‘ఆర్ నాట్’ కూడా అరిగి అరిగి అక్కడికే చేరింది. జొనాథన్ స్విఫ్ట్ అంతటివాడు తన ఉత్తరాల్లో దాన్ని వాడాడు. 18వ శతాబ్దంలో అదే ‘ఎయింట్’ అయింది. ‘ఈజ్ నాట్’కు ‘ఇజింట్’ ఉంది, ‘ఆర్ నాట్’కు ‘ఆరింట్’ ఉంది. ‘యామ్ నాట్’కు మాత్రం, స్కాట్లండ్, ఐర్లండ్‌లను మినహాయిస్తే, అలాంటి పొట్టి రూపం నిలవలేదు. ఆ ఖాళీలో చక్కగా ఇమిడే ఎయింట్‌ను వెలివేసి, వ్యాకరణానికి పొసగని ‘ఆరింట్ ఐ’ని పెద్దమనుషుల భాషగా చలామణీ చేశారు. డికెన్స్ నవలల కాలానికి ఎయింట్ పేదల, పనివాళ్ల మాటగా ముద్రపడింది. ఆ మాట మీద వేసిన నింద నిజానికి ఆ మనుషుల మీద వేసిందేనని నా నమ్మకం.

తీర్పులు చెప్పడం తన పని కాదనీ, జనం వాడుకను నమోదు చేయడమే కోశకారుడి బాధ్యతనీ వెబ్‌స్టర్ మూడో నిఘంటువు సంపాదకుడు ఫిలిప్ గోవ్ భావించాడు. ఎయింట్‌ను చాలామంది ఒప్పుకోరని రాస్తూనే, చదువుకున్నవాళ్లు కూడా మాట్లాడేటప్పుడు వాడుతున్నారని చేర్చాడు. అగ్గి రాజేసింది ఆ రెండో సగమే. రెక్స్ స్టౌట్ తన నవలలో డిటెక్టివ్ నీరో వుల్ఫ్ చేత ఆ నిఘంటువును పేజీలు చించి మంటల్లో వేయించాడు.

ఇంత గోలలో ఒక సంగతి మరుగున పడింది. అందరూ ఆదర్శంగా చూపిన 1934 నాటి రెండో కూర్పులోనూ ఎయింట్ ఉంది, నిరక్షరాస్యుల మాట అన్న ముద్రతో. అదే కూర్పులో ‘డోర్డ్’ అనే పదం సాంద్రత అన్న అర్థంతో, ఏ మచ్చా లేకుండా ఉంది. ‘డి ఆర్ డి’, అంటే పెద్ద డి గానీ చిన్న డి గానీ, సాంద్రతకు సంక్షిప్తం అని రాసిన చీటీని ఒకే మాటగా కలిపి చదవడంతో పుట్టిన పదం అది! ఏ మనిషీ మాట్లాడగా పుట్టింది కాదు. 1939లో ఒక సంపాదకుడి కంటబడేదాకా పొరపాటు ఎవరికీ తెలియలేదు. అచ్చులో ఉన్నంత మాత్రాన డోర్డ్ అసలు మాట అయిపోదు, చీవాట్లు తిన్నంత మాత్రాన ఎయింట్ మాట కాకుండా పోదు.

గోవ్ మీది కోపంతో అమెరికన్ హెరిటేజ్ సంస్థ వెబ్‌స్టర్ నిఘంటువును ప్రచురించిన మెరియం కంపెనీనే కొనాలని చూసి, కుదరక, 1969లో సొంత నిఘంటువు తెచ్చింది. వాడుకలో మంచిచెడ్డలు తేల్చడానికి రచయితలతో, పండితులతో ఒక మండలిని కూర్చోబెట్టింది. ఆ నిఘంటువులోనూ ఎయింట్‌కు చోటివ్వక తప్పలేదు. కాకపోతే పక్కనే మండలి అయిష్టాన్ని తెలిపే వ్యాఖ్య చేర్చారు.