టిష్యూ కల్చర్ వేరుమూలం: మొక్క కొనేముందు

తుంగభద్ర ఒడ్డున కెంచనగుడ్డలో మనకు అలవాటైనది వరి. వరి నారు చెడితే ఒక పంట పోతుంది. పండ్ల మొక్క తప్పయితే ఏళ్ళు పోతాయి. తోట వేయాలనుకునే కుటుంబాల కోసం ఈ వివరాలు ఇస్తున్నాము.

అంటుమొక్కలో కింద ఉండేది వేరుమూలం, పైన ఉండేది కాపునిచ్చే రకం. పొరుగున అనంతపురం వైపు చీనీని రంగపూర్ నిమ్మ వేరుమూలంపై అంటుకడతారు. అది ట్రిస్టెజా వైరస్‌ను తట్టుకుంటుంది. దాని గింజల మొలకల్లో ఎక్కువభాగం తల్లి పోలికే కనుక గింజలతోనే పని జరుగుతుంది. గింజతో తల్లి గుణం నిలవని వేరుమూలాలకే టిష్యూ కల్చర్ అవసరం ఎక్కువ. పీచ్, బాదం సంకరమైన జీఎఫ్ 677ను యూరప్‌లో ఇలాగే పెంచుతున్నారు.

చిన్న కణుపు ముక్కను శుభ్రపరచి, పోషకాలు, చక్కెర ఉన్న సీసాలో ఉంచుతారు. 1962లో మురాషిగే, స్కూగ్ ప్రకటించిన పోషక మిశ్రమమే నేటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. సైటోకైనిన్ హార్మోనుతో పిలకలు వస్తాయి, ఆక్సిన్‌తో వేర్లు పుడతాయి. ఆ తర్వాత నీడలో మెల్లగా బయటి గాలికి అలవాటు చేస్తారు. ఈ దశలో తొందరపడితే మొక్కలు వాడిపోతాయి.

ఒకటి మరువరాదు. ల్యాబ్ మొక్క తల్లి మొక్కకు నకలు. తల్లిలో వైరస్ ఉంటే పిల్లకూ రావచ్చు. శుభ్రమైన మొక్కకైనా పొలంలో తెగులు సోకవచ్చు.

కాబట్టి నర్సరీవారిని మూడు అడగండి: వేరుమూలం పేరేమిటి? అది మన నేలకు సరిపోతుందా? తల్లి మొక్కకు వైరస్ పరీక్ష జరిగిందా? టిష్యూ కల్చర్ మొక్కల ధ్రువీకరణకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006 నుంచి ఒక పద్ధతి నడుపుతోంది. ఆ కాగితం చూపమనండి, రసీదుతోపాటు దాచుకోండి.