దేవదాసు: నవల నుంచి తెరకు

శరత్‌చంద్ర చటర్జీ బెంగాలీ నవల ‘దేవదాసు’ 1917లో అచ్చయింది. 1953లో వినోదా సంస్థ వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో దాన్ని తెలుగు, తమిళాల్లో తీసింది. మూకండపల్లి, హోసూరు వంటి రెండు భాషల ఊళ్లవాళ్లకు ఏ భాషలో చూసినా దేవదాసుగా అదే అక్కినేని, పార్వతిగా అదే సావిత్రి.

నవలలో దేవదాసు పిరికితనం దాగదు. తను ప్రేమించిన పార్వతిని, ఆమె పెళ్లికి ముందు, చెరువు దగ్గర గాలపుకర్రతో నుదుటి మీద రక్తం వచ్చేలా కొడతాడు. రచయిత జాలిపడతాడే గాని అతణ్ణి వెనకేసుకురాడు. సినిమాలో ఆ దుఃఖమంతా పాటలకెక్కింది: సముద్రాల సాహిత్యం, సుబ్బురామన్ బాణీలు, ఘంటసాల గొంతు. సుబ్బురామన్ చిత్రం విడుదలకు ముందే, 1952లో కన్నుమూశారు. పాటల బలంతో ప్రేక్షకుడు దేవదాసు తప్పును తేలిగ్గా క్షమించేస్తాడు. పార్వతికి జరిగిన అన్యాయం మాత్రం నవలలోనే సూటిగా తగులుతుంది. సినిమా చూసినవాళ్లు నవల కూడా తప్పక చదవాలి.